చలి ఉంది, చలికాలం లేదు

భూమధ్యరేఖ అనగానే చాలామందికి నిప్పులు చెరిగే ఎండే గుర్తొస్తుంది. బడిలో గ్లోబు మీద పట్టీలుగా గీసి చూపించిన ఉష్ణమండలం, సమశీతోష్ణ మండలం, ధ్రువ మండలం మన బుర్రలో అంత గట్టిగా నాటుకున్నాయి. కానీ మే నెలలో రెంటచింతలతోనో రామగుండంతోనో పోటీపడే ఊరు ఆ రేఖ దగ్గర దొరకడం కష్టం. రేఖకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న సింగపూర్‌లో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37 డిగ్రీలు. పల్నాడులో 45 దాటడం వింతేమీ కాదు. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా పల్నాడు నడినెత్తికి వస్తాడు. అప్పటికి పగలు దాదాపు 13 గంటలకు సాగి ఉంటుంది, నేలలో తడి ఆరిపోయి ఉంటుంది. అందుకే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. సింగపూర్‌లో చుట్టూ సముద్రం, రోజూ మబ్బు, తడి నేల. సూర్యుడిచ్చే వేడిలో పెద్ద వాటా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పగలు ఏడాదంతా సుమారు 12 గంటలే కాబట్టి అక్కడ అత్యంత వేడి నెలకూ అత్యంత చల్లటి నెలకూ సగటు తేడా రెండు డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర అక్షాంశం ఇచ్చేది ఈ మార్పులేనితనమే. వేడి, చలి తేడాలు కావాలంటే మరో చోట వెతకాలి.

ఆ చోటు ఎత్తు. ఈక్వడార్‌లో గ్వాయాకిల్ నగరం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. అక్కడి సగటు ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు. రాజధాని కీటో దాదాపు 2,850 మీటర్ల ఎత్తున ఆండీస్ లోయలో ఉంది, ఇంకా చెప్పాలంటే భూమధ్యరేఖకు గ్వాయాకిల్ కన్నా దగ్గరగా. అక్కడ సగటు 15 డిగ్రీలకు అటూ ఇటూ. పైకి పోయేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, చల్లబడటమేమిటన్న పాత సందేహానికి అదే దేశంలోని చింబోరాజో జవాబు చెబుతుంది. 6,263 మీటర్ల ఆ శిఖరం భూకేంద్రం నుంచి చూస్తే ప్రపంచంలోనే అత్యంత దూరపు బిందువు. అయినా దాని నెత్తి మీద మంచు కరగదు. సూర్యకాంతి గాలిని నేరుగా వేడి చేసేది కొంతే. అది ముందు నేలను వేడి చేస్తే, నేల గాలిని వేడి చేస్తుంది. పైకి లేచిన గాలి ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఆ లెక్క ప్రకారం కీటో ఇంకా చల్లగా ఉండాలి కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆరున్నర డిగ్రీలన్నది నేలకు అంటని గాలికి వేసిన లెక్క. విశాలమైన ఎత్తైన లోయ తన మీది గాలిని తానే వేడి చేసుకుంటుంది.

ఇంతవరకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాత, ‘కొండెక్కడమంటే ఉత్తరానికి ప్రయాణించడమే’ అనుకోవడంతో మొదలవుతుంది. 1802లో ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ చింబోరాజో ఎక్కాడు. శిఖరం అందకపోయినా, ఏ ఎత్తున ఏ మొక్క పెరుగుతుందో చూపే ప్రసిద్ధ చిత్రపటాన్ని 1807లో ప్రచురించాడు. అడుగున తాటి జాతులు, పైన నాచు, ఆపైన మంచు. భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా ఉన్న ప్రపంచమంతా ఒకే కొండ మీద సర్దినట్టుంటుంది. ఈ పోలిక సగమే నిజం. ఎత్తు చలినిస్తుంది, చలికాలాన్ని ఇవ్వలేదు. మన లంబసింగినే చూడండి. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులోని ఆ ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి జారిన సందర్భాలున్నాయి. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న నైరోబీలో అత్యంత చల్లటి జులైలో కూడా రాత్రులు సాధారణంగా పది డిగ్రీల పైనే. లంబసింగికి ఎత్తుతో పాటు అక్షాంశమూ తోడైంది. నైరోబీకి ఎత్తు ఒక్కటే దిక్కు. ఇంకా పైకి, కెన్యా పర్వతం మీద 4,000 మీటర్లు దాటితే విచిత్రంగా పగలు ఎండ, రాత్రి గడ్డకట్టే చలి, ఏడాదంతా ఇదే వరస. అక్కడి రాకాసి సెనేసియో మొక్క రాత్రి కాగానే ఆకులు ముడిచి లేత మొగ్గను కప్పుకుంటుంది, తెల్లవారాక విప్పుతుంది. ఐరోపా మొక్క ఏడాదికోసారి ఆకు రాల్చి నిద్రపోతే సరిపోతుంది. దీనికి ప్రతి రాత్రీ పనే.

రైతులకు ఈ తేడా బాగా తెలుసు. ఆపిల్ చెట్టు చలికాలపు నిద్ర లేనిదే సరిగా పూయదు. జావా దీవిలోని మలాంగ్ కొండల్లో చలి కొంత ఉంది, చలికాలం లేదు. అందుకని రైతులు కోత అయ్యాక ఆకులన్నీ చేత్తో దూసేసి, చెట్టుకు శిశిరం వచ్చినట్టు భ్రమ కల్పిస్తారు. ఏడాదికి రెండు పంటలు తీస్తారు. గులాబీకి ఆ బెంగ లేదు. చల్లటి గాలి, ఏడాదంతా సమానమైన వెలుగు ఉన్న ఈక్వడార్, కెన్యా ఎత్తైన నేలలు దానికి స్వర్గం. ఫిబ్రవరిలో ఐరోపా, అమెరికా చలిలో అమ్ముడయ్యే గులాబీల్లో చాలా భాగం అక్కడివే.

ఎత్తుకు మరీ ఎక్కువ పెత్తనం ఇస్తున్నానని ఆక్షేపణ రావచ్చు. సముద్ర ప్రవాహాల మాటేమిటి? నిజమే, గలాపగోస్ దీవుల్లో భూమధ్యరేఖ మీదనే పెంగ్విన్లు బతుకుతున్నాయంటే అది చల్లటి నీటి చలవే. వానల సంగతీ అంతే. కెన్యాలోని వజీర్ రేఖకు రెండు డిగ్రీలలోపే ఉండి కూడా పాక్షిక ఎడారి. నైరోబీకి మార్చి-మేలోనూ అక్టోబరు-డిసెంబరులోనూ రెండు వానకాలాలు. కాబట్టి అక్కడ కాలాలే లేవనడం తప్పు. అవి వానను బట్టి ఏర్పడినవి, వేడిని బట్టి కాదు. ఈ మినహాయింపులు తేమను, తీరప్రాంతాన్ని వివరిస్తాయి. లోతట్టు నేలల్లో చలి ఎంతన్నది నిర్ణయించేది మాత్రం ఎత్తే.

భూమి వేడెక్కుతున్న రోజుల్లో ఇది పుస్తకాల చర్చగా మిగలదు. ఐరోపాలో మొక్క ఉత్తరానికి జరిగి చల్లదనం వెతుక్కోగలదు. భూమధ్యరేఖ దగ్గర వందల కిలోమీటర్లు పక్కకు జరిగినా ఉష్ణోగ్రత మారదు. పైకి ఓ 150 మీటర్లు జరిగితే ఒక డిగ్రీ తగ్గుతుంది. కాబట్టి దారి పైకే. హంబోల్ట్ లెక్కలతో పోల్చి, చింబోరాజో మీద మొక్కలు సగటున 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని 2015లో ఒక పరిశోధన చెప్పింది. ఆ లెక్కల్లో చాలావరకు అసలు ఆంటిసానా అనే మరో అగ్నిపర్వతానివని, జరిగింది 215 నుంచి 266 మీటర్లేనని 2019లో మరో బృందం సరిదిద్దింది. అంకె తగ్గింది, దిశ మారలేదు. అయితే కొండ పైకి పోయేకొద్దీ నేల కుదించుకుపోతుంది, శిఖరం తర్వాత ఏమీ ఉండదు. అరకు కాఫీకీ ఈ గొడవ తప్పకపోవచ్చు. అది పండేది వెయ్యి మీటర్ల ప్రాంతంలో, ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమల గరిష్ఠ ఎత్తు 1,700 మీటర్లకు లోపే. పైకి జరగాల్సిన తోటకు, అప్పటికే పైనున్న అడవికి మిగిలే చోటు ఒకటే. అందుకే అభయారణ్యాలను శిఖరం చుట్టూ గిరిగీసినట్టు పెట్టడం చాలదు. కొండ అడుగు నుంచి పైదాకా తెగని పట్టీలుగా కాపాడాలి.