లెక్క చెప్పు యంత్రమును సరిచూచు విధము

వర్తకమునకు లెక్క కన్నువంటిది. నేడు మన స్త్రీలలో అనేకులు ఊరగాయలను, చీరలను, పిండివంటలను ఇంటినుండియే వెబ్‌సైటు మూలమున విక్రయించుచున్నారు. వీధి అంగడికి వచ్చినవారిని కంటితో చూడవచ్చును. వెబ్‌సైటునకు వచ్చినవారు కంటికి కానరారు. కావున వారి రాకపోకలను వ్రాసియుంచు చిట్టా యొకటి కావలసివచ్చినది. 2005వ సంవత్సరమున వెలువడిన గూగుల్ అనలిటిక్స్ అట్టి చిట్టాలలో మిక్కిలి వాడుకలో నున్నది. ఎందరు వచ్చిరి, ఏ త్రోవను వచ్చిరి, ఏ పుటలను చూచిరి, ఏమి కొనిరి యను సంగతులు దానియందు గలవు. అయినను అందలి పట్టికలను చదివి అర్థము చేసికొనుట అందరికిని సులభము గాదు.

ఈ కష్టమును తీర్చుటకు ఇప్పుడు ఏఐ సహాయకములు వచ్చినవి. “గతమాసమున మన అంగడికి ఏ యూరివారు ఎక్కువగా వచ్చిరి?” అని తెలుగున నడిగిన, తెలుగుననే బదులు చెప్పును. కాని యొక నియమము కలదు. అది లోకములోని గ్రంథరాశిని చదివి మాటలు నేర్చినదే గాని, మీ యింటి చిట్టాను ఎఱుగదు. చిట్టా చేతికీయక ప్రశ్నించినచో, తెలియదనుటకు మారుగా నమ్మదగినట్లుండు అంకెను కల్పించి చెప్పుటయు గలదు.

2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిని ప్రకటించెను. సహాయకమునకును, వెలుపలి చిట్టాలకును నడుమ నిది యొక ద్వారమువంటిది. 2025లో గూగుల్ తన అనలిటిక్స్ లెక్కలను ఈ ద్వారమున చదువుటకు వలయు సాధనమును వెలువరించెను. మీరు ప్రశ్న అడుగగనే, సహాయకము ఏ తేదీల లెక్క, ఏ వరుసలు వలయునో నిర్ణయించి చిట్టాకు కోరిక పంపును. చిట్టా పట్టికనిచ్చును. దానిని సహాయకము మాటలలో వివరించును.

ఇట్లు అంకె నిజమైనను, అర్థము తప్పవచ్చును. చిట్టాలో “యూజరు” అనగా మనిషి యనుకొనరాదు. ఒకే యిల్లాలు ఫోనులో నొకసారి, కంప్యూటరులో నొకసారి చూచినచో ఇరువురుగా లెక్కకు రావచ్చును. నేటి లెక్క నేడే పూర్తిగా తేలదు. ఒకటి రెండు దినములు పట్టును.

మఱియొక యుదాహరణము. గతమాసమున 100 మంది రాగా ముగ్గురు కొనిరనుకొందము. ఈ మాసమున 300 మంది రాగా ఆరుగురు కొనిరి. కొన్నవారు నూటికి 3 నుండి 2కు తగ్గిరని యంత్రము చెప్పును. అది యబద్ధము గాదు. అయినను అమ్మకము రెట్టింపైనది! ఆ యొక్క మాట విని, జనులను రప్పించిన ప్రకటనను మానుకొన్న గృహిణికి కలుగు నష్టమును ఎవరు తీర్తురు?

భారతమున నలోపాఖ్యానమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఎంచి చెప్పగా, బాహుకుడై యున్న నలుడు ఊరక తలయూపలేదు. చెట్టును గూల్చి లెక్కించి, సరియని తెలిసిన పిమ్మటనే యంగీకరించెను. చెప్పినవాడు రాజు గదా యని నమ్మలేదు. తాను అధికుడనని త్రోసివేయనులేదు. మనకును అదియే మార్గము.

కావున సహాయకమునకు చదువు అధికారమునే యీయుడు. మార్చు అధికారము నీయకుడు. బదులుతోపాటు తేదీలను, మూలపట్టికను చూపుమని యడుగుడు. ఆదాయము సంగతి వచ్చినప్పుడు బ్యాంకు ఖాతాతో పోల్చిచూడుడు. మీరడిగిన ప్రశ్నయు, వచ్చిన పట్టికయు సహాయకమును నడుపు సంస్థకు చేరునని మఱువకుడు. కొన్నవారి పేళ్లను, ఫోను నంబర్లను, చిరునామాలను అందు జేర్పకుడు. మనలను నమ్మి వారు చెప్పిన సంగతులవి. వ్యక్తిగత సమాచార రక్షణకై మన దేశమున 2023లో చట్టము సైతము చేయబడినది.

వంట మనిషి యున్నను ఉప్పు చూచుట యిల్లాలి వంతు. లెక్క చెప్పు యంత్రమున్నను, లెక్క సరిచూచుట మనవంతే.