యాదగిరి: ఒక గుట్ట మనిషి పేరైన తీరు

శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు ఊళ్లలో నడివయసు దాటిన మగవారి పేర్లలో యాదయ్య, యాదగిరి అనేవి కొత్తగా తోచే పేర్లు కావు. ఈ మూడు మండలాలూ చేరిన చేవెళ్ల శాసనసభ నియోజకవర్గం నుంచి 2014, 2018, 2023 ఎన్నికల్లో గెలిచిన కాలె యాదయ్యది కూడా ఆ పేరే. అదే పేరు గుంటూరులోనో, కడపలోనో, శ్రీకాకుళంలోనో పుట్టి పెరిగినవారికి ఉండటం చాలా అరుదు. తెలుగు మాట్లాడే నేలలో ఒక భాగానికి అతి దగ్గరిదై, మిగిలిన భాగాలకు దాదాపు అపరిచితమైన ఈ పేరు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే హైదరాబాదును దాటి తూర్పు దిక్కుకు, శంకర్‌పల్లికి దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న యాదగిరిగుట్ట దాకా వెళ్లాలి.

యాదగిరి అంటే యాదుడి గిరి. స్థలపురాణం, అంటే ఒక క్షేత్రం పుట్టుకను గురించి అక్కడ తరతరాలుగా చెప్పుకునే కథ, ప్రకారం ఋష్యశృంగుడి కుమారుడైన యాద మహర్షి ఈ కొండగుహలో హనుమంతుడి అనుగ్రహంతో తపస్సు చేయగా, నరసింహస్వామి అతనికి జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలలో దర్శనమిచ్చాడు. ఈ అయిదు రూపాల వల్లనే దీనిని పంచనారసింహ క్షేత్రం అంటారు. ఆ మునిని కొందరు యాదవ మహర్షి అని కూడా వ్యవహరించడం వల్ల, యాదయ్య అనే పేరు యాదవ కులానికి చెందినదేమోనని బయటి ప్రాంతాలవారు పొరబడే వీలున్నది గాని, తెలంగాణలో ఈ పేరుకు కులపు హద్దు లేదు. యాదగిరిరెడ్డి, యాదగిరి గౌడ్, యాదగిరి చారి అని ఒకే పేరు పక్కన వేర్వేరు కులసూచకాలు చేరడం, ఏ సూచకమూ లేకుండా ఒట్టి యాదయ్యగా దళితవాడల్లో నిలవడం, ఆ గుట్ట మెట్లు ఎక్కినవారి విస్తృతిని చెప్పకనే చెబుతాయి.

మాట నిర్మాణం కూడా గమనించదగినదే. గిరి సంస్కృతం, గుట్ట తెలుగు. రెండింటి అర్థమూ కొండే అయినా, జనం ఊరికి యాదగిరిగుట్ట అని రెండు కొండలూ కలిపి పేరు పెట్టుకున్నారు. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ జారిపోయి, మిగిలిన యాద అనే ముక్కకు అయ్య చేరి యాదయ్య, అన్న చేరి యాదన్న, ఆడపిల్లలకు అమ్మ చేరి యాదమ్మ అయినాయి. పత్రాలలో యాదగిరి అని ఉన్నవాడు ఇంట్లో యాదిగాడు, వయసు వచ్చిన తరువాత ఊరికి యాదన్న, ముసలితనంలో యాదయ్య తాత. తెలంగాణ మాటలో యాది అంటే జ్ఞాపకం కూడా. అది పారశీకంలోని యాద్ నుంచి ఉర్దూ ద్వారా వచ్చి స్థిరపడిన పదం, సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి పెట్టుకున్న పేరు. మూలాలను బట్టి ఈ రెంటికీ చుట్టరికం లేదు. అయినా కొండను తలచుకోవడానికి పెట్టిన పేరులోనే తలపు అనే అర్థం వినిపించడం, వేర్వేరు భాషలు కలిసి బతికిన నేలకే దక్కే అందం.

ఈ పేరు వ్యాప్తికి ముఖ్య కారణం మొక్కు. సంతానం కోసమో, పుట్టిన బిడ్డ నిలవాలనో గుట్ట స్వామికి మొక్కుకున్నవారు ఆ బిడ్డకు స్వామి కొండ పేరే పెట్టి, పుట్టువెంట్రుకలు అక్కడే తీయించేవారు. పసిపిల్లల మరణాలు ఎక్కువగా ఉన్న కాలంలో, దృష్టి తగలకుండా బిడ్డను పెంటకుప్ప మీద ఉంచి తీసుకుని పెంటయ్య అని పేరు పెట్టడం ఒక దారి అయితే, దేవుడికి అప్పగించి ఆయన పేరుతో పిలవడం ఇంకొక దారి. యాదగిరి నరసింహుడికి రోగాలు మాన్పే దేవుడిగా పేరుండటం, జబ్బుపడినవారు మండలం రోజులు గుట్ట మీద ఉండి ప్రదక్షిణలు చేయడం వల్ల ఈ బంధం మరింత గట్టిపడింది. కనుక చాలా ఇళ్లలో ఈ పేరు ఇష్టపడి ఎంచుకున్నది కాదు, తీర్చుకున్న బాకీ.

అసలు విశేషం మరొకటున్నది. నరసింహుడు ఒక్కడే అయినా తెలుగువారు ఆయన పేరును కొండకొక తీరుగా బిడ్డలకు పెట్టుకున్నారు. అహోబిలం స్వామి పేరు జనం నోట ఓబులేసుగా మారి రాయలసీమలో ఓబయ్యలు, ఓబుల్‌రెడ్లు అయ్యారు; మంగళగిరి కొండ మీద పానకం తాగే స్వామి వల్ల కృష్ణాతీరంలో పానకాలు, పానకాలరావు అనే పేర్లు వచ్చాయి; ఉత్తరాంధ్రలో అప్పన్న, అప్పలస్వామి, కొండ పేరునే యథాతథంగా మోసే సింహాచలం ఉన్నారు. వీరందరి దేవుడూ ఒకడే. పేరు విని మనిషి ఏ సీమవాడో ఊహించగలగడం ఈ పేర్ల వల్ల సాధ్యమైంది, నరసింహారావు అనే ఉమ్మడి పేరుతో ఆ పని జరగదు. దేవుడి పేరు నుంచి గాక దేవుడున్న చోటు నుంచి వచ్చిన పేర్లకు చరిత్రకారులు ఇంకా ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉన్నది. తెలంగాణలోనే కొమురవెల్లి మల్లన్న వల్ల కొమురయ్య, కొమురెల్లి అనే పేర్లు ఇదే దారిలో వచ్చాయి.

పోరాటాల చరిత్రలో కూడా ఈ పేరుకు చోటున్నది. నిజాం పాలన మీద, దొరల దౌర్జన్యం మీద తెలంగాణ సాయుధ పోరాటం సాగిన కాలంలో బండి యాదగిరి కట్టినదిగా ప్రసిద్ధమైన పాట, తరువాత ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతుతో తెలుగు నేల నలుమూలలకూ చేరింది. భక్తితో పెట్టిన పేరు తిరుగుబాటు పాటకు కర్త పేరై నిలిచింది.

ఇప్పటి తల్లిదండ్రులు పసివాడికి యాదగిరి అని పెట్టడం తగ్గింది. రెండు మూడు అక్షరాల్లో ముగిసి, ఏ ఊరినీ సూచించని పేర్ల మీద మక్కువ పెరగడం ఇందుకు ఒక కారణం. నగరం శంకర్‌పల్లి, మొయినాబాద్‌ల దాకా విస్తరించడంతో పల్లె పేరు వెనుకబాటును సూచిస్తుందనే భయం మరొకటి, ఆ భయం అన్యాయమైనది. పంచాంగం మాత్రం ఒక చిన్న సందు వదిలింది. జన్మనక్షత్రపు పాదాన్ని బట్టి పేరులోని తొలి అక్షరాన్ని నిర్ణయించే పద్ధతిలో జ్యేష్ఠకు నో, యా, యీ, యూ అనేవి అక్షరాలు. రెండవ పాదంలో పుట్టిన బిడ్డకు యా వస్తుంది గనుక తాత పేరు అలాగే పెట్టడానికి అక్కడ శాస్త్రం అడ్డు రాదు.

గుట్ట పేరు మాత్రం ఈ మధ్య స్థిరంగా లేదు. ఆలయ పునర్నిర్మాణం తలపెట్టిన కాలంలో యాదాద్రి అనే పేరు వాడుకలోకి తెచ్చారు, 2016లో ఏర్పడిన జిల్లాకు యాదాద్రి భువనగిరి అని పేరు వచ్చింది, నల్లరాతితో కట్టిన ఆలయం 2022 మార్చి 28న భక్తులకు తెరుచుకున్నది, 2024 నవంబరులో ఆలయ వ్యవహారాలలో మళ్లీ యాదగిరిగుట్ట అనే రాయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ఏళ్లన్నిటిలోనూ ఊరి యాదయ్యను ఎవరూ యాదాద్రయ్య అని పిలవలేదు.