లేజర్ ప్రింటు చెడితే ముందు కాగితాన్ని చదవండి

స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్‌టికెట్, ఆదాయ ధ్రువపత్రం... మనకు అవసరమైన కాగితాల్లో చాలావరకు ప్రింటు తీసుకునేవే. ఒక్క అంకె సరిగా పడక 3 కాస్తా 8లా కనిపిస్తే మళ్లీ క్యూలో నిలబడాల్సింది మనమే. ప్రింటు చెడగానే "కార్ట్రిడ్జ్ పోయింది, కొత్తది కొనాలి" అనేస్తాం. చాలాసార్లు ఆ ఖర్చు అక్కర్లేదు. లోపం ఎక్కడుందో చెడిన కాగితమే చెబుతుంది.

ముందుగా ప్రింటర్ ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం. స్థిర విద్యుత్తుతో పొడిని అంటించి నకలు తీసే పద్ధతిని 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ చేసి చూపాడు. మనం జిరాక్స్ అంటున్నది అదే. 1971లో గ్యారీ స్టార్క్‌వెదర్ దానికి లేజర్‌ను జోడించాడు. లేజర్ కిరణం గుండ్రటి డ్రమ్ మీద అక్షరాల రూపాన్ని విద్యుత్ ఆవేశంగా ఏర్పరుస్తుంది. టోనర్ పొడి అక్కడ అంటుకుని, తర్వాత కాగితం మీదికి చేరుతుంది. ఈ పొడిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. చివరగా ఫ్యూజర్ సుమారు 200 డిగ్రీల వేడితో దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది.

ఇక లక్షణాలు చూద్దాం.

1. అక్షరాలు లేతగా పడితే: టోనర్ పొదుపు సెట్టింగ్ పెట్టి ఉందేమో చూడాలి. లేకపోతే కార్ట్రిడ్జ్‌ను తీసి, అడ్డంగా పట్టుకుని నాలుగైదుసార్లు మెల్లగా అటూ ఇటూ ఊపాలి. పొడి సమంగా సర్దుకుని మరికొన్ని పేజీలు వస్తాయి.

2. ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడితే: ఆ దూరాన్ని స్కేలుతో కొలవాలి. అది లోపమున్న రోలర్ చుట్టుకొలత. 24 మి.మీ. వ్యాసమున్న డ్రమ్ అయితే 3.14తో గుణించగా సుమారు 75 మి.మీ. వస్తుంది. మన లెక్కల పుస్తకంలోని సూత్రమే!

3. నిలువుగా నల్లగీత వస్తే: డ్రమ్ గీసుకుపోవడమో, దాన్ని తుడిచే బ్లేడు అరగడమో కారణం. తెల్లగీత వస్తే టోనర్ తగ్గిందని గాని, లేజర్ దారిలో దుమ్ము చేరిందని గాని అనుకోవాలి.

4. వేలితో రుద్దగానే అక్షరాలు చెరిగితే: ఫ్యూజర్ వేడి చాలడం లేదు. మందపు కాగితానికి తగిన సెట్టింగ్ పెట్టి చూడాలి. ఇక్కడ కొత్త కార్ట్రిడ్జ్ కొన్నా డబ్బు దండగే.

5. అక్కడక్కడా వెలిసినట్టు పడితే: కాగితానికి చెమ్మ పట్టి ఉండవచ్చు. వానాకాలంలో కాగితాల కట్టను కవరులోనే ఉంచాలి.

కొన్ని జాగ్రత్తలు: మూత తెరిచే ముందు స్విచ్ ఆపాలి. ఫ్యూజర్ చల్లారేదాకా ముట్టుకోకూడదు. డ్రమ్‌కు చేయి గాని, ఎండ గాని తగలనివ్వకూడదు. పొడి ఒంటి మీద పడితే చన్నీళ్లతోనే కడగాలి. నోటితో ఊదకూడదు.

ఇవన్నీ చూశాక కూడా బాగుపడకపోతే మెకానిక్‌ను పిలవాల్సిందే. అప్పుడు చెడిన కాగితాన్ని పారేయకుండా ఆయనకు చూపించండి. ఏం మార్చాలో, ఎందుకు మార్చాలో మనమూ అడిగి తెలుసుకోవచ్చు.