మన పచ్చిక, పొరుగింటి బాతులు

బంగ్లా భాషలో 'మలంచ' అనగా పూలతోట. ఖరగ్‌పూర్ రైల్వే పట్నంలోని మలంచాలో నివసించు మన తెలుగు కుటుంబాలలో, ఆ పేరును తన ఇంటి ముంగిట సార్థకం చేయవలెనని ఏ గృహిణికి ఉండదు? కాని ఇక్కడి ఎర్రని మొరం నేలపై గరిక పచ్చగా అలముకొనుట సులభం కాదు. మట్టి మార్చి, పశువుల ఎరువు వేసి, వేసవి అంతా నీరు పోసి పెంచిన పచ్చికను, తొలకరి వానలతోపాటు పొరుగింటి బాతులు వచ్చి బురద చేసినప్పుడు మనసు కష్టపడుట సహజం. దాని మూలమున ఇరుగుపొరుగుల నడుమ మాటలు పెరుగుట కూడ కద్దు. ఆ మాటలకు అవకాశం లేకుండ పచ్చికను కాపాడుకొను ఉపాయాలను పాఠకుల ముందుంచుచున్నాము.

బాతులు ఎందుకు వచ్చును?

బాతు గరిక కోసం రాదు. గరిక క్రింది తడిమన్నులోని వానపాములు, నత్తలు, పురుగులు దానికి కావలెను. ముక్కుతో మన్ను కెలికి, తోలు కాళ్ళతో త్రొక్కి, రెట్ట వేసి పోవును. నీరు నిలిచిన పల్లం కనిపించినచో మరునాడు మరల వచ్చును. కనుక మొదటి చికిత్స నేలకే చేయవలెను. పల్లాలను మన్నుతో పూడ్చి, వాననీరు బయటకు పోవునట్లు చిన్న కాలువ తీయవలెను. మిగిలిన అన్నం పెరటిలో పారవేయు అలవాటు మానవలెను. ఒకసారి మేత దొరికిన చోటును బాతు మరువదు.

దడి ఎంత ఎత్తు ఉండవలెను?

పెంపుడు బాతు బాగుగా ఎగురలేదు. రెండు, రెండున్నర అడుగుల వెదురు దడి గాని, కోళ్ళ జాలీ గాని చాలును. అయితే బాతు దడి పైనుండి కాక క్రిందినుండి దూరును. అందుచేత దడి అడుగున ఒక వరుస ఇటుకలు పేర్చి సందులు మూయవలెను. గేటు క్రింది సందును మరువరాదు.

తొమ్మిది గంటల ఒప్పందం

అన్నిటికంటె మేలైన దడి పొరుగువారితో మంచి మాట. బెంగాలీలు బాతును 'హాఁస్' అందురు. మన చెవికి అది హంసవలె వినిపించును. ఉదయం చెరువుకు వదలి, సంధ్యవేళ 'చొయ్ చొయ్' అని పిలిచి గూటికి చేర్చుకొనుట వారి అలవాటు. ఆ గుడ్ల డబ్బు అనేక ఇండ్లలో ఇల్లాలి చేతి ఖర్చు. బాతులు చాలవరకు తెల్లవారుజామునుండి తొమ్మిది గంటలలోపే గుడ్లు పెట్టును. అప్పటివరకు గూటిలోనే ఉంచినచో గుడ్లు పరుల తోటలలో పోవు. మన పచ్చికకు ఉదయపు బెడద తప్పును. గూటివద్దనే కొంత మేత వేసి, తిన్నగా చెరువుకు తోలుమని కోరవచ్చును. ఫిర్యాదుగా గాక, వారి లాభంగా చెప్పిన మాటను ఎవరును కాదనరు.

చేయరాని పనులు

విషం పెట్టుట, రాళ్ళు రువ్వుట, కుక్కను ఉసిగొల్పుట తగదు. జంతువులను హింసించుట 1960 నాటి చట్టం ప్రకారం నేరం. చెరువులకు వచ్చు, ఈల వేసినట్లు కూయు అడవి బాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కలదు. పైగా పెరటిలో పెట్టిన విషం బాతునే వెదకికొని పోదు. ఆడుకొను పసిబిడ్డకు కూడ అందును.

ఆరోగ్యం

పిల్లలు ఆడు పచ్చికపై రెట్టను వెంటనే తీసివేసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పచ్చి రెట్ట మొక్కలకు వేడి చేయును. ఎరువు గుంటలో బాగుగా మాగిన తరువాత మంచి ఎరువగును. 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బర్డ్ ఫ్లూ ప్రబలినప్పుడు లక్షలాది కోళ్ళను, బాతులను చంపవలసి వచ్చెను. ఒకేసారి పలు పక్షులు చనిపోయి కనిపించినచో ముట్టక, పశువైద్యశాలకు తెలుపవలెను.

గరిక త్రొక్కినా వానకు మరల చిగుర్చును. పొరుగువారితో విరిగిన మనసు అంత త్వరగా చిగుర్చదు. ఈ వానాకాలంలో దడి కట్టుటకు ముందు పొరుగింటి తలుపు తట్టి ఆ తొమ్మిది గంటల మాట చెప్పి చూడవలెనని గృహిణులకు మా మనవి.