రేణుసంధులయందలి బలము

విద్యుత్ స్కూటరు చక్రమునందలి మోటారును విప్పి చూచినచో, ఇనుపకట్టు లోపలి అంచున వరుసగా అతికింపబడిన చిన్న పలకలు కనుపించును. ఇనుము, నియోడిమియము, బోరానుల మిశ్రమలోహముతో చేయబడు ఇట్టి పలకలే నేడు వాడుకలోనున్న శాశ్వతాయస్కాంతములలోనెల్ల బలిష్ఠములు. 1980 దశకారంభమున జపానులో సగావా మసాటో, అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన జాన్ క్రోట్, వేర్వేఱు మార్గముల వీనిని సాధించిరి.

రెండు నియోడిమియ పరమాణువులకు పదునాలుగు ఇనుప పరమాణువులు, ఒక బోరాను పరమాణువు చొప్పున కూడిన స్ఫటికమే వీని బలమునకు మూలమందురు. అది సగము నిజము. ఆ నిష్పత్తిలో మూడింటిని కరగించి పోతపోసినంతమాత్రమున మంచి అయస్కాంతము చేతికి రాదు. ఎదురుగా ప్రయోగింపబడిన క్షేత్రమునకు లొంగక నిలుచు గుణమును నిగ్రహత యందురు. సిద్ధాంతరీత్యా ఈ స్ఫటికము ఏడు టెస్లాల ఎదురుక్షేత్రమునకును చలింపరాదు. కర్మాగారమున తయారగు సాధారణపు పలకయో, అందులో ఐదవ వంతుకు చేరువలోనే లొంగిపోవును. తక్కిన నాలుగు వంతులు ఏమైపోయినవను ప్రశ్నయే ఈ శాస్త్రమునకు ప్రాణమని నా తలంపు.

సమాధానము సూక్ష్మనిర్మాణమున నున్నది. మిశ్రమలోహము హైడ్రోజను వాయువును పీల్చుకొని ఉబ్బి, తనంతట తానే పగిలి నలుసులగును. వానిని మూడు మొదలు ఐదు మైక్రాన్ల పొడిగా నూరుదురు. గాలి సోకినంతనే అంటుకొనగల పొడి యగుటచే పనియంతయు జడవాయువు నడుమనే సాగవలయును. బలమైన క్షేత్రముననుంచి నొక్కగా రేణువులన్నియు ఒకే దిక్కునకు తిరుగును. పిమ్మట కొలిమిలో 1,050 డిగ్రీల సెల్సియస్ చేరువకు కాచినప్పుడు, లెక్కకు మించి కలిపియుంచిన నియోడిమియము ద్రవమై సందులలోనికి ప్రాకి, గోడరాళ్ల నడిమి సున్నమువలె రేణువులను కలిపి పట్టుచునే వేఱుపఱచి యుంచును. ఆపైన 500, 600 డిగ్రీల నడుమ కొంతసేపు మగ్గనిత్తురు. క్రొత్తగా చేర్చినది రవ్వంతయు లేకున్నను, ఈ మగ్గింపుతోనే నిగ్రహత ఎంతయో హెచ్చును. ఏలయన, కొన్ని నానోమీటర్ల మందమున నియోడిమియపు పొర అప్పుడు ప్రతి రేణువును ఎడతెగక చుట్టుకొని, ఒకదానియందు అయస్కాంతదిశ తలక్రిందులైనను ఆ మార్పు పొరుగుదానికి ప్రాకకుండ నడ్డును. పొర తెగినచోట, అంచు చెదరినచోట ఓటమి మొదలగును.

వేడి మఱియొక శత్రువు. 312 డిగ్రీల వద్ద ఈ స్ఫటికము శాశ్వతాయస్కాంతత్వమును పూర్తిగా కోల్పోవును. నిగ్రహత అంతకు చాల ముందుగనే క్షీణించును. డిస్ప్రోసియము కలిపినచో తట్టుకొనునుగాని, దాని పరమాణువులు ఇనుమునకు ప్రతిముఖముగా నిలుచుటచే మొత్తపు బలము తగ్గును. అదియునుగాక ఆ లోహము విరళము, ప్రియము. అందుచే దానిని పలకపై పూసి కాచి, రేణువుల నడిమి సంధులవెంట లోనికి ఇంకించి, రేణువుల పైచర్మమునకు మాత్రమే పట్టించు పద్ధతిని కనుగొనిరి. ఓటమి మొదలగు చోటనే కాపు పెట్టిన ఈ యుపాయము నాకు మిగుల ముచ్చట గొలుపును.

భీమునిపట్నపు ఇసుకయందలి మోనజైటను ఖనిజములో నియోడిమియము కలదు. అయినను ఇసుకనుండి అయస్కాంతము వఱకు గల మార్గము పైన చెప్పిన సంధులంత సూక్ష్మము, దుర్గమము. భాభా అణుపరిశోధన కేంద్రము, హైదరాబాదులోని రక్షణ లోహపరిశోధనాలయము రూపొందించిన విధానముతో 2023లో విశాఖపట్నమున అయస్కాంత కర్మాగారము జాతికి అంకితమైనది. అయితే అచట చేయునవి నియోడిమియపువి కావు, వేడిని మఱింత తాళగల సమేరియము-కోబాల్టు అయస్కాంతములు.