రంగు కంటే ముందు పని: మినియేచర్‌కి సబ్బు నీళ్ళు, కొండపల్లి బొమ్మకి సున్నం

పోయిన ఎపిసోడ్‌లో వార్‌గేమ్ మినియేచర్స్‌కి రంగులు ఎలా వేయాలో చూపించాను కదా. దాని కింద కామెంట్లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, రంగు ఆరాక గోరు తగిలితే పొరలాగా ఊడొచ్చేస్తోంది, ఏ బ్రాండ్ కొనాలి?" ఏ బ్రాండ్ కొన్నా ఊడుతుంది. తేడా రంగులో లేదు, రంగు కింద ఉంది. అందుకే ఈ రోజు డబ్బా మూత తీయకముందు చేయాల్సిన పని గురించి మాట్లాడుకుందాం.

ఇంకో మెసేజ్ కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే అది చూశాకే ఈ ఎపిసోడ్ తొందరగా చేస్తున్నాను. ఒక తమ్ముడు రాశాడు: "మా అమ్మమ్మ దగ్గర పాత కొండపల్లి బొమ్మలున్నాయన్నా, సంక్రాంతి కొలువులో పెడతారు. రంగులు వెలిసిపోయాయి. మీరు మినియేచర్స్‌కి చెప్పినట్టే సబ్బు నీళ్ళలో నానబెట్టి, కడిగి, స్ప్రే ప్రైమర్ కొట్టి కొత్త రంగులేసి సర్‌ప్రైజ్ ఇద్దామనుకుంటున్నా." తమ్ముడూ, నువ్వు ఇది చూస్తుంటే ముందు ఆ బొమ్మల్ని నీళ్ళకి దూరంగా పెట్టు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా విను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క నిమిషం. టేబుల్ మీద చిన్న చిన్న సైనికుల బొమ్మల్ని పెట్టి, పాచికలు వేస్తూ, టేపుతో దూరాలు కొలుస్తూ ఆడే యుద్ధం ఆటలే వార్‌గేమ్స్. హెచ్.జి.వెల్స్ 1913లోనే ఇలాంటి ఆటకి రూల్స్ రాసి ఒక పుస్తకం వేశాడు. ఇప్పుడు మీరు రీల్స్‌లో చూసేవి ఎక్కువగా బ్రిటన్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ వార్‌హామర్ బొమ్మలు. వార్‌హామర్ 1983లో మొదలైంది, 40,000 అనే వెర్షన్ 1987లో వచ్చింది. బొమ్మలు విడి భాగాలుగా, రంగు లేకుండా వస్తాయి. అతికించుకోవడం, రంగు వేసుకోవడం మన పనే. అసలు ఆట కంటే ఈ పని ఇష్టమై ఇందులోకి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ ఆ బ్యాచే.

ఇప్పుడు పాయింట్‌కి వద్దాం. ప్లాస్టిక్ బొమ్మకీ చెక్క బొమ్మకీ ఉన్న ఇబ్బందులు ఒకదానికొకటి పూర్తిగా రివర్స్. ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది, దేన్నీ పీల్చుకోదు. దాని మీద నీళ్ళ రంగు వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా ఒక దగ్గరికి చేరిపోతుంది. ఆరాక కూడా పైపైన కూర్చుని ఉంటుంది తప్ప పట్టుకోదు. చెక్క అలా కాదు, అది తాగేస్తుంది. ఎంత రంగేసినా లోపలికి లాక్కుంటుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పైగా చెక్క గీతలు కనిపిస్తూనే ఉంటాయి. అంటే ఒకదానికి పట్టు ఇవ్వాలి, ఇంకోదానికి దాహం తీర్చాలి. రెంటికీ వేసే మొదటి పూతని మనం ప్రైమర్ అనే అంటాం. పేరు ఒకటే, చేసే పని వేరు.

ఈ రెండో పనిని బాగా తెలిసినవాళ్ళు మన ఊరికి ఒక బస్సు దూరంలో ఉన్నారు. తిరువూరులో బెజవాడ బస్సెక్కితే మైలవరం, జి.కొండూరు దాటాక వచ్చేది కొండపల్లే. మన ఎన్టీఆర్ జిల్లాలోనే. అక్కడి బొమ్మల తయారీలో రంగు చివరి మెట్టు. అంతకుముందు జరిగే పని చాలా ఉంటుంది.

చెక్క పేరు తెల్ల పొణికి. చాలా తేలిక, చాలా మెత్తన, ఉలికి వెన్నలా తెగుతుంది. కానీ తేమ ఉంటుంది కాబట్టి కోసిన వెంటనే చెక్కరు. ముందు సన్నటి సెగ మీద నెమ్మదిగా కాచి తేమంతా పోగొడతారు. తేమ ఉండగానే చెక్కి రంగేశారనుకోండి, తర్వాత చెక్క ఎండి కుంచించుకుపోతుంది, పైనున్న రంగు కుంచించుకోదు, పగుళ్ళిస్తుంది. తర్వాత చేతులు, తల, ఒళ్ళు, గంప, ఏనుగు తొండం, ఇలా ఏ భాగానికి ఆ భాగం విడిగా చెక్కుతారు. అవును, మన మినియేచర్ కిట్ లాగానే!

వాటిని అతికేది మక్కుతో. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి చేసే ముద్ద అది. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం చెప్తాను. మక్కు ఒక్క జిగురే కాదు. అతికిన చోట సందు ఉంటే అదే పూడుస్తుంది. ముక్కు, చీర కుచ్చిళ్ళు లాంటి చిన్న చిన్న వివరాలు కావాలంటే దాంతోనే దిద్దుతారు. అందులో చెక్కపొట్టే ఉంది కాబట్టి ఆరాక చెక్కతో కలిసిపోతుంది, ఆకురాయి పెడితే చెక్కలాగే అరుగుతుంది. మనం ఫారిన్ నుంచి తెప్పించుకునే ఎపాక్సీ పుట్టీ చేసే మూడు పనులూ వంటింటి గింజతో అయిపోతున్నాయి.

ఆకురాయితో నునుపు చేశాక సున్నం పూత. బొమ్మంతా తెల్లగా అయిపోతుంది. ఈ పూత చెక్క రంధ్రాల్ని మూసేస్తుంది, గీతల్ని కప్పేస్తుంది, పైనుంచి వేసే పసుపూ ఎరుపూ తెల్లటి నేల మీద పడి వెలుగుతాయి. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా మారుతూ గట్టిపడుతుంది. ఇంటర్ కెమిస్ట్రీలో బట్టీ కొట్టిన ఈక్వేషనే, ఇలా ఒక దశావతారం బొమ్మ మీద కనిపిస్తుందని అప్పుడు ఎవరూ చెప్పలేదు! ఆ తర్వాతే రంగు.

అన్ని చెక్క బొమ్మలకీ ఇలాగే చేస్తారని అనుకోకండి. ఏటికొప్పాక బొమ్మలకి సున్నం పూత ఉండదు. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. అక్కడ రంగే పూత, రంగే పాలిష్. ఒకే రాష్ట్రం చేతిపనులే అయినా లెక్క మారిపోయింది చూశారా. ఏ వస్తువు, దాని మీద ఏం వేస్తున్నాం, ఈ రెండూ చూసుకున్నాకే ప్రిపరేషన్.

సరే, తమ్ముడి ప్రశ్నకి జవాబు మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. కొండపల్లి బొమ్మని సబ్బు నీళ్ళలో నానబెడితే చింతగింజల మక్కు మెత్తబడుతుంది, చేతులూ తలా వదులైపోతాయి. సున్నం పూత కింద చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. పూత పెచ్చులుగా లేస్తుంది, దాంతోపాటు అసలు రంగూ పోతుంది. పొద్దున నానబెడితే సాయంత్రానికి అమ్మమ్మ బొమ్మ ఉండదు, ముక్కలుంటాయి. వాటి సంగతి మళ్ళీ చివర్లో చెప్తాను. ముందు ప్లాస్టిక్ పని పూర్తి చేద్దాం.

మినియేచర్స్‌కి మాత్రం సబ్బు నీళ్ళు కావాలి. అచ్చులోంచి బొమ్మ అంటుకోకుండా ఊడిరావడానికి కొన్నిసార్లు జిడ్డులాంటి పూత వాడతారు, ముఖ్యంగా రెజిన్‌లో పోతపోసిన వాటికి. దానికి తోడు మన వేళ్ళ జిడ్డు. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్, పాత టూత్‌బ్రష్. నీళ్ళు మరిగేవి వద్దు, సన్నటి కత్తులూ ఈటెలూ వంగిపోతాయి. (వంగిన రెజిన్ ఈటెని తిన్నగా చేయడానికి మాత్రం వేడినీళ్ళే మందు. ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెట్టడమే.) కడిగాక పూర్తిగా ఆరనివ్వండి. సందుల్లో నీటిబొట్టు మిగిలితే దాని మీద ప్రైమర్ నిలవదు.

తర్వాత గీతలు. అచ్చు రెండు సగాలు కలిసే చోట బొమ్మ చుట్టూ సన్నటి గీత ఉంటుంది. తెల్లగా ఉన్నప్పుడు కంటికి ఆనదు, రంగు పడ్డాక సైనికుడి మొహానికి అడ్డంగా కుట్టు పడినట్టు కనిపిస్తుంది. కంటితో కాదు, గోటితో వెతకండి. దొరికాక కత్తి పదును వైపుతో కోయొద్దు, వెనక వైపుతో నెమ్మదిగా గీకండి. కత్తి ఎప్పుడూ మీ బొటనవేలి వైపుకి కాదు, బయటికి. ఈ ఒక్క పనిలో విసుగు పుట్టడం గ్యారంటీ. అయినా ఇందులో పెట్టిన పది నిమిషాలు రంగులో పెట్టే రెండు గంటల్ని కాపాడతాయి.

అతికించడానికి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ అయితే ప్లాస్టిక్ సిమెంట్. అది జిగురు కాదు, రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. రెజిన్, మెటల్ మీద అది పనిచేయదు, వాటికి ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ. సందులు పూడ్చడానికి ఖరీదైన పుట్టీ లేకపోతే హార్డ్‌వేర్ షాపులో ఎమ్‌సీల్ తెచ్చుకోండి. రెండు ముద్దలూ సమంగా పిసికి, తడి వేలితో నునుపు చేసి, గట్టిపడ్డాక ఉప్పుకాగితం. మీ ఇంటి తలుపుకి రంగేసేటప్పుడు పెయింటర్ గారు లప్పం పెట్టి, రుద్ది, ప్రైమర్ వేయడం చూసే ఉంటారు. అదే పని, సైజు తగ్గింది అంతే.

త్రీడీ ప్రింట్ రెజిన్ బొమ్మలు వాడేవాళ్ళు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇది బొమ్మకి కాదు, మీకు సంబంధించింది. ప్రింటర్‌లోంచి వచ్చిన బొమ్మ మీద గట్టిపడని రెజిన్ ఉంటుంది. అది చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి మొదలైతే తర్వాత కొంచెం తగిలినా వస్తుంది. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి, అది మంటకి ఇట్టే అంటుకుంటుంది కాబట్టి వంటింట్లో వద్దే వద్దు. కడిగిన ద్రవాన్ని సింకులో పోయకండి. యూవీ మిషన్ లేకపోతే మన ఎండ ఉంది, కృష్ణా ఎండకి ఏ మిషనూ సరిపోదు. కాకపోతే మధ్యాహ్నమంతా వదిలేస్తే పెళుసుబారి చేతులు పుటుక్కున విరుగుతాయి. మధ్యమధ్యలో తిప్పుతూ చూసుకోండి. రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, దుమ్ము లేవదు. మాస్క్ కూడా పెట్టుకోండి.

ఇక ప్రైమర్. బొమ్మని ఒక టానిక్ సీసా మూతకి డబుల్ టేప్‌తో అతికించండి, వేళ్ళు తగలవు. స్ప్రే డబ్బాని రెండు నిమిషాలు బాగా ఊపి, జానెడు దూరం నుంచి, పక్క నుంచి మొదలుపెట్టి బొమ్మ దాటేదాకా ఒక్క ఊపు. ఆగాలి. మళ్ళీ ఒక ఊపు. ఒకేసారి తడిపేస్తే కళ్ళూ కవచం మీది గీతలూ పూడిపోతాయి. విదేశీ వీడియోల్లో చెప్పని విషయం ఒకటుంది, మన వాతావరణం. మే నెల మధ్యాహ్నం మన దగ్గర కొడితే ప్రైమర్ గాల్లోనే ఆరిపోయి బొమ్మ మీద పొడిలా, గరుకుగా పడుతుంది. వానాకాలం తేమలో కొడితే తెల్లగా మసకేస్తుంది. ఎండాకాలం పొద్దున్నే, వానల్లో బాగా ఎండ కాసిన రోజు చూసుకుని, ఆరుబయట కొట్టండి. డబ్బాని డాబా మీద ఎండలో వదిలేయకండి, పేలుతుంది.

కార్లకి కొట్టే ప్రైమర్ వాడొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. కొన్ని బాగానే ఉంటాయి, కొన్నింటిలోని సాల్వెంట్ పాలీస్టైరీన్‌ని కరిగిస్తుంది. బొమ్మతో వచ్చిన ఫ్రేమ్ ముక్క మీద ముందు కొట్టి ఒక రోజు చూడండి. ఆఫీసులో ప్రొడక్షన్ మీద నేరుగా కోడ్ ఎక్కించం కదా, అదే పద్ధతి. స్ప్రే కొట్టే చోటు లేనివాళ్ళు ఆర్ట్ షాపులో గెస్సో తీసుకుని, పల్చగా బ్రష్‌తో రెండు పూతలు వేసుకోవచ్చు. నా లెక్కలో అద్దె గదుల్లో ఉండేవాళ్ళకి అదే మేలు.

ఇప్పుడు అమ్మమ్మ బొమ్మలు. తమ్ముడూ, మెత్తటి పొడి బ్రష్ తీసుకో, కొత్త మేకప్ బ్రష్ అయినా పర్లేదు. పైనుంచి కిందికి దుమ్ము దులుపు. పెచ్చు లేచిన చోట అస్సలు ముట్టుకోకు. తడిగుడ్డ వద్దు, వార్నిష్ వద్దు, స్ప్రే ప్రైమర్ వద్దు. లేచిన పూత మీద ఏది వేసినా రెండూ కలిసి ఊడతాయి. చెక్కలో సన్నటి చిల్లులుండి పిండి రాలుతుంటే అది పురుగు, ఆ బొమ్మని మిగతావాటి నుంచి వేరుగా పెట్టు. రంగు కేవలం వెలిసిపోయి, పూత గట్టిగా ఉంటే నా మాట విని అలాగే వదిలెయ్. ఆ రంగు వేసినాయన చేతిపని మళ్ళీ రాదు. అసలు రంగు మార్చాలా వద్దా అన్నది కూడా అమ్మమ్మగారినే అడుగు, సర్‌ప్రైజ్ పక్కన పెట్టి.

చెయ్యి ఊడిందా, పూత లేచిపోయిందా, అప్పుడు కొండపల్లి బొమ్మల కాలనీకి తీసుకెళ్ళు. పొణికి చెక్క దొరకడమే కష్టమవుతోందని అక్కడివాళ్ళు చెప్తూనే ఉన్నారు, అయినా మక్కూ సున్నం తెలిసిన చేతులు అక్కడే ఉన్నాయి. రంగు వేయాలన్న నీ కోరిక మంచిదే, దానికి అక్కడే కొత్త బొమ్మ ఒకటి కొను, సున్నం పూత దాకా చేసి రంగు వేయనిది ఇస్తారేమో అడిగి చూడు. పాతవాటిని తీసుకెళ్ళేటప్పుడు ఒక్కోదాన్ని విడిగా మెత్తటి నూలు గుడ్డలో చుట్టు. రాలిన ముక్కలుంటే, గోరంత పెచ్చయినా సరే, ఏ బొమ్మవి ఆ బొమ్మ పేరు రాసి కవర్లో వేసి వెంట పట్టుకెళ్ళు.