కదిలితేనే తిండి: ఆక్సోలాటిల్ పిల్లలకు ఎందుకలా?

వానాకాలంలో హైదరాబాద్ దుర్గంచెరువు చుట్టుపక్కల నీటిగుంటల్లో తోకలాడిస్తూ తిరిగే కప్పపిల్లల్లో చాలావరకు నాచు గీకి తిని బతికేస్తాయి. మెక్సికోలోని షోచిమిల్కో కాలువల్లో పుట్టే ఆక్సోలాటిల్ అనే సాలమాండర్ పిల్ల అలా కాదు. అది మొదటినుంచీ వేటగాడే!

గుడ్డులోంచి వచ్చినప్పుడు దాని పొడవు సుమారు ఒక సెంటీమీటరు. రెండు మూడు రోజులు పొట్టలో మిగిలిన పచ్చసొనే ఆహారం. తర్వాత ఆకలి మొదలవుతుంది. కానీ పొడి మేత చల్లితే పట్టించుకోదు. కంటిముందు ఏదైనా కదిలితేనే గబుక్కున నోరు తెరిచి, నీటితోపాటు లోపలికి పీల్చేస్తుంది.

అంత బుల్లి నోటికి పట్టే ప్రాణి ఏది? ఆర్టీమియా. ఉప్పునీటి సరస్సుల్లో ఉండే రొయ్యల దూరపు చుట్టం. మన కోస్తా హేచరీల్లో రొయ్యపిల్లలకు పెట్టేదీ ఇదే. దాని ఎండు గుడ్లను ఉప్పునీళ్లలో వేసి గాలి ఊదితే, ఒక రోజులో అరమిల్లీమీటరైనా లేని నారింజరంగు పిల్లలు ఈదుతాయి. వాటిని వడగట్టి, ఉప్పు పోయేలా కడిగి వేయాలి. మంచినీళ్లలో అవి కొన్ని గంటలే బతుకుతాయి. చచ్చినవి నీటిని పాడుచేస్తాయి, అందుకే నీళ్లు రోజూ మార్చాలి.

తిండి చాలకపోతే? పక్కనున్న తోబుట్టువు కాలే ఫలహారం! అది మళ్లీ మొలుస్తుందనుకోండి.

ఇంట్లో పెంచాలనుకుంటే, మాదాపూర్ ఫ్లాట్లో అసలు చిక్కు వేడి. ఆర్టీమియా గుడ్లకు 28 డిగ్రీలు హాయి, ఆక్సోలాటిల్‌కు 16–18 చాలు. నీటిని చల్లబరిచే ఏర్పాటు లేకుండా మన ఎండల్లో దీన్ని పెంచడం నాకైతే నచ్చదు.

నాలుగు కాళ్లూ వచ్చి కాస్త పెరిగాక ఆక్సోలాటిల్ పిల్ల వాసన పట్టి, కదలని వానపాము ముక్కనూ తింటుంది.